హాలుకీ డైనింగుకీ మధ్య ఆర్చి పెట్టాలంటే లింటెల్ కొట్టాలంటున్నారు, నిజమేనా?

లత_ఎమ్మార్‌పల్లి
మా మామగారు కట్టించిన ఇల్లు, ఇరవై ఏళ్ళు దాటింది. కింద మేముంటాం, పై పోర్షన్ అద్దెకిచ్చినాం. హాలుకీ డైనింగుకీ మధ్య 5 అడుగుల వెడల్పున దారి ఉంది, తలుపు లేదు, పైన లింటెల్ (దారి మీద అడ్డంగా పోసిన కాంక్రీటు దూలం). దాన్ని ఆర్చి చేయించాలని నాకు ఎప్పటినుంచో కోరిక. ఇప్పుడు ఇంటికి రంగులు వేయిస్తా ఉన్నాం కాబట్టి ఈ పని కూడా ఇప్పుడే అయిపోవాల. పని ఒప్పుకున్న ఇంటీరియర్ ఆయన వచ్చి చూసి, "నిండు అర్ధచంద్రం రావాలంటే లింటెల్ కొట్టేయాలి మేడం, ఒక్క పూట పని" అన్నాడు. మా ఆయనేమో అసలు ఆర్చే వద్దు, ఇల్లు పెళ్ళి మండపం మాదిరి అయిపోతుంది అంటాడు. అత్తమ్మ పైకి ఏమీ అనలేదు గానీ, మామగారు కట్టిన గోడ పగలగొట్టడం ఆమెకి ఇష్టం లేదని నాకు తెలుస్తానే ఉంది.
లింటెల్ కొట్టొచ్చా? కొట్టకుండా ఆర్చి వస్తుందా? దేవుడి గదికి కూడా చేయించాలని ఉంది. ముందు ఇది తేలనీ.

భాస్కర్_కట్టమంచి
మీ ఆయన మాటకే నా ఓటు. మా చిత్తూర్లో ఒకప్పుడు ఇల్లు కట్టినోళ్ళంతా హాల్లో ఒకటి, వరండాలో రెండు ఆర్చీలు పెట్టించినారు. ఇప్పుడు వాళ్ళ పిల్లలు డబ్బులిచ్చి మరీ వాటిని చదరం చేయిస్తా ఉండారు.

సైట్‌ఇంజినీర్_రేణిగుంట
లత గారూ, లింటెల్ ముట్టుకోవద్దు. ముందు ఆయన్ని ఆపండి, తక్కిందంతా తర్వాత.
ఇల్లు పిల్లర్ల మీద ఉందా, గోడల మీదే ఉందా? గది మూలల్లో పిల్లరు అంచు గోడలోంచి బయటికి కనిపిస్తుందా? స్లాబు కింద బీములు దిగి ఉన్నాయా? ఆ గోడ మందం టేపు పెట్టి కొలవండి. నేల నుంచి స్లాబు ఎంత, లింటెల్ అడుగు ఎంత, అవీ చెప్పండి. పై పోర్షన్‌లో సరిగ్గా అదే గోడ మీద గోడ లేచిందేమో కూడా చూడండి.

డిజైనర్_హరిత
భాస్కర్ గారూ, ఆ ఆర్చీలు విసుగు పుట్టించింది వంపు వల్ల కాదండీ. ఒకే ఇంట్లో ఆరేడు పెట్టి, ప్రతిదాని చుట్టూ పీఓపీ పువ్వులు, తీగలు, పక్కన బరువు మొయ్యని ఉత్తుత్తి స్తంభాలు, వాటికి బంగారు రంగు. అవన్నీ తీసేసి వట్టి వంపు ఒక్కటి ఉంచితే ఎన్నేళ్ళయినా కంటికి బరువనిపించదు. లత గారికి నా సలహా కూడా అదే: ఇంట్లో ఒక్కచోట పెట్టండి, అంచుకి నగిషీ వద్దు, గోడకి వేసిన రంగే దానికీ వేయించండి.

మేస్త్రికొడుకు
"ఒక్క పూట పని" అన్నాడంటే నిజమే చెప్పినాడు. కొట్టేదానికి ఒక్క పూట చాలు. తర్వాత పైన గోడకి పడే చీలిక పూడ్చేదానికే ఎన్ని పూటలైనా చాలవు.

లత_ఎమ్మార్‌పల్లి
ఇంజినీర్ గారూ, కొలిచినాను. గోడ ప్లాస్టరింగుతో కలిపి 10 అంగుళాలు. స్లాబు 10 అడుగులు. లింటెల్ అడుగు సరిగ్గా 7 అడుగులు. పిల్లర్లు యాడా కనిపించలేదు, బీములు కూడా లేవు, స్లాబు అడుగు అంతా చదునుగా ఉంది. పైనోళ్ళని అడిగినా, వాళ్ళకీ ఇదే చోట గోడ ఉందంట.

సైట్‌ఇంజినీర్_రేణిగుంట
అయితే ఇది గోడల మీద నిలబడిన ఇల్లే. ఆ గోడ అడ్డుగోడ కాదు, బరువు మోసే గోడ. ఆ దారి పైన ఉన్న 3 అడుగుల ఇటుక కట్టు, దాని మీద స్లాబు వాటా, ఆపైన పై పోర్షన్ గోడ, ఆ బరువులో పెద్ద భాగం లింటెల్ మీదికే దిగుతుంది. లింటెల్ దాన్ని తీసుకుని రెండు పక్కల గోడలకి అప్పజెబుతుంది.
లింటెల్ మీద బరువు పడితే అది కింది వైపు సాగడానికి చూస్తుంది. కాంక్రీటు నొక్కుడుకి నిలుస్తుంది, సాగుడుకి నిలవదు. అందుకే కడ్డీలు అడుగున వేస్తారు. మీ ఇంటీరియర్ ఆయన వంపు కోసం చెక్కేది సరిగ్గా ఆ అడుగు భాగాన్నే. కడ్డీ తెగాక పైన మిగిలిన కాంక్రీటు వట్టి దిమ్మె.
ఇంకొకటి. మన వైపు చాలా ఇళ్ళలో లింటెల్ ఒక్క తలుపు మీదే ఆగదు, బెల్టులాగా అన్ని గోడల మీదా తిప్పి పోస్తారు. అది ఇంటి గోడల్ని కలిపి పట్టి ఉంచుతుంది. దాన్ని మధ్యలో తెంపితే మీ హాలు ఒక్కటే కాదు, ఇల్లంతా ఆ పట్టు వదిలినట్టే.

భాస్కర్_కట్టమంచి
ఇది చదివినాక అయినా వదిలేయండమ్మా.

డిజైనర్_హరిత
ఎందుకు వదిలేయాలి? లింటెల్ కింద 7 అడుగులు ఖాళీ ఉంది. ఆర్చి అందులోనే దిద్దుకోవచ్చు. నిండు అర్ధచంద్రం ఒక్కటే ఆర్చి కాదు.

మేస్త్రికొడుకు
హరితక్క చెప్పిందే లెక్క కూడా చెప్తుంది. 5 అడుగుల వెడల్పుకి అర్ధచంద్రం అంటే వంపు లోతు అందులో సగం, రెండున్నర అడుగులు. నడిమి శిఖరం 7 అడుగుల దగ్గర పెడితే రెండు పక్కలా వంపు నాలుగున్నర అడుగుల దగ్గర మొదలవుతుంది. మనిషి భుజం దగ్గర! పక్కలు 7 అడుగుల దగ్గర మొదలుపెడితే శిఖరం తొమ్మిదిన్నరకి పోతుంది, స్లాబుకి అరడుగే మిగులుతుంది. రెండూ కుదరవు. అందుకే ఆయన లింటెల్ మీద పడ్డాడు.
వెడల్పు దారికి తక్కువ వంపు ఆర్చే అందం. 9 అంగుళాల వంపు పెట్టండి. నడుమ 7 అడుగులు, పక్కలు 6 అడుగుల 3 అంగుళాలు. ఆరడుగుల మనిషి పక్కన ఆనుకుని పోయినా తల తగలదు.

లత_ఎమ్మార్‌పల్లి
తమ్ముడూ, ఆ 9 అంగుళాల వంపు గీసేదెట్లా? మా ఆయన నిన్న అట్టముక్క మీద చేత్తో గీసి చూపించినాడు, ఒక పక్క లావు, ఒక పక్క సన్నం వచ్చింది.

మేస్త్రికొడుకు
చేత్తో గీస్తే అట్లే వస్తుందక్కా. మేకు, దారం ఉండాల. మా నాయన చేసే పద్ధతి చెప్తా.
వెడల్పులో సగం 30 అంగుళాలు. దాన్ని దానితోనే గుణిస్తే 900. వంపు 9ని దానితోనే గుణిస్తే 81. రెండూ కలిపితే 981. దాన్ని వంపుకి రెట్టింపు, అంటే 18తో భాగించండి. యాభై నాలుగున్నర వస్తుంది. దారం పొడవు అదే, 54.5 అంగుళాలు.
ఇప్పుడు దారి మధ్యలో అడ్డంగా ఒక పలక బిగించాల. 84 అంగుళాల్లోంచి 54.5 తీసేస్తే 29.5. నేల నుంచి సరిగ్గా ఆ ఎత్తులో, వెడల్పుకి నట్టనడుమ పలక మీద మేకు కొట్టి, దారం కట్టి, చివర పెన్సిల్ పెట్టి తిప్పితే రెండు వైపులా ఒకే వంపు వస్తుంది. పెద్ద అట్ట దొరికితే ముందు దాని మీద గీసి, కత్తిరించి, దారికి అంటించి రెండు మూడు రోజులు చూసుకోండి. అన్నకి కూడా అప్పుడు కనిపిస్తుంది, మండపమా కాదా అనేది.

సైట్‌ఇంజినీర్_రేణిగుంట
లెక్క సరిగ్గా ఉంది. ఆ అట్ట సలహా తప్పకుండా పాటించండి.

వాసు_బైరాగిపట్టెడ
మేస్త్రి తమ్ముడు లెక్కల మాస్టారు కావాల్సినోడు.

మేస్త్రికొడుకు
మా నాయన స్కూలుకే పోలేదన్నా. ఆయనకి ఈ గుణకారాలేవీ తెలవవు. దారం పట్టుకుని రెండు సార్లు అటూ ఇటూ జరిపి మేకు కొడతాడు, సరిగ్గా అక్కడికే వస్తుంది.

తిరుచానూరు_పద్మ
మరి బీరువా పట్టుకెళ్ళేటప్పుడు? మా ఇనుప బీరువా ఆరున్నర అడుగులు. పక్కలు ఆరుంపావు అంటున్నారు.

మేస్త్రికొడుకు
నడుమలోంచి పోతుంది పద్మక్కా. నడిమి నుంచి అటొక అడుగున్నర, ఇటొక అడుగున్నర తీసుకుంటే, ఆ 3 అడుగుల మేర ఎత్తు యాడా 6 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలకి తగ్గదు. కానీ మోసేవాళ్ళకి ముందే చెప్పాల, అంచుకి కొట్టేస్తారు. ఆర్చికి దెబ్బ తగిలేది ఎప్పుడూ సామాన్లు మార్చేటప్పుడే.

డిజైనర్_హరిత
ఇక దేనితో చేయాలి అన్నది. జిప్సం బోర్డు, ప్లై, లేదా ఇటుక, సిమెంటు. నా ఓటు తేలికపాటి చట్రానికి. జీఐ చానెళ్ళతో (జింకు పూత వేసిన సన్న ఇనుప పట్టీలు) చట్రం కట్టి, ముందు వెనక జిప్సం బోర్డు, వంపు అడుగున మాత్రం పలచటి బోర్డు. మామూలు బోర్డు పన్నెండున్నర మిల్లీమీటర్లు ఉంటుంది, అది వంగదు. 6 మిల్లీమీటర్ల బోర్డు వంగుతుంది. అంతకన్నా బాగా వంగాలంటే వంగడానికే తయారుచేసిన ఫ్లెక్సీ ప్లై దొరుకుతుంది.

మేస్త్రికొడుకు
అక్కా, ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. జిప్సం బోర్డుకి పిల్లోడి సైకిలు తగిలితే బొక్క పడుతుంది. పైన బాత్రూం లీకు వచ్చిందంటే మెత్తబడి ఊడి వస్తుంది. ఇటుక ముక్కలు, సిమెంటు, సన్న ఇనుప వల లాంటి చికెన్ మెష్‌తో రెండు మూలలూ నింపేస్తే గోడలో గోడయి కూచుంటుంది.

సైట్‌ఇంజినీర్_రేణిగుంట
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, కానీ బరువు చూడండి. ఈ కొలతలకి రెండు మూలలూ కలిపి దాదాపు ఒక ఘనపుటడుగు నింపాలి. ఇటుక, సిమెంటుతో నింపితే 50 కిలోల పైమాట. దాన్ని లింటెల్ మొయ్యగలదు, ప్రశ్న అది కాదు. పాత నున్నటి ప్లాస్టరుకి కొత్త సిమెంటు ఊరికే అతుక్కోదు. నడిచే మనుషుల తల పైన 25 కిలోల ముక్క ఒక్క అతుకు మీద నిలబడకూడదు.
సిమెంటుతోనే చేయాలనుకుంటే పాత ప్లాస్టరు ఇటుక దాకా చెక్కేయాలి. పక్క గోడలోకి డ్రిల్లు కొట్టి కడ్డీ ముక్కలు దింపి రసాయన గమ్ముతో బిగించాలి. వాటి మీద కట్టాలి. పాత గోడా కొత్త కట్టూ కలిసే చోట మెష్ వేసి ప్లాస్టరు చేయాలి. కనీసం వారం నీళ్ళు పట్టాలి. ఆరకముందే లప్పం పెడితే రంగు పొట్టు లేస్తుంది.
రంగుల పని ఇప్పటికే మొదలైందన్నారు కాబట్టి నేనైతే చట్రమే చేయిస్తాను. పైన బాత్రూం ఈ గోడ దగ్గర ఉందా?

లత_ఎమ్మార్‌పల్లి
లేదండి, ఈ గోడ పైన వాళ్ళ పడకగది. బాత్రూం ఇంటికి అవతలి పక్క.

సైట్‌ఇంజినీర్_రేణిగుంట
అయితే తడి భయం లేదు. చట్రం బిగించేటప్పుడు స్క్రూలు లింటెల్ అడుగు నుంచి లోతుగా పోకుండా చూసుకోండి, కడ్డీకి తగిలితే పక్కకి జరపమనండి. గోడలో కరెంటు పైపు యాడ పోతుందో ముందే చూపించండి. స్విచ్చి బోర్డు నుంచి పైకి నిలువుగా గీత ఊహించుకుంటే చాలావరకు పైపు అక్కడే ఉంటుంది.

డిజైనర్_హరిత
మేస్త్రి తమ్ముడి సైకిలు మాటకి జవాబు: దెబ్బ తగిలేది అంచుకే. వంపు అంచు పొడవునా వంగే పీవీసీ కార్నర్ బీడింగ్ (అంచుని కాపాడే పట్టీ) పెట్టించండి. బోర్డు గోడతో కలిసేచోట మెష్ టేపు అంటించి దాని మీద లప్పం. టేపు లేకుండా లప్పం ఒక్కటే పూస్తే వానాకాలం, ఎండాకాలం తిరిగేసరికి వెంట్రుక మందాన గీత వచ్చేస్తుంది. ఖర్చు తగ్గిస్తామని పనివాళ్ళు మొదట ఎగ్గొట్టేది ఆ టేపే. దగ్గరుండి చూసుకోండి.

మేస్త్రికొడుకు
బీడింగ్ పెడితే సరే అక్కా. అయినా నాకు సిమెంటే ఇష్టం.

వాస్తు_వెంకట్
ద్వారం పైన గుండ్రంగా ఉండకూడదంటారు. ఆలోచించుకోండి.

గిరింపేట_పాతమిద్దె
నాయనా వెంకట్, లతమ్మ చెప్పింది తలుపే లేని దారి గురించి. సింహద్వారం జోలికి ఆమె పోలేదు. పెద్దవాళ్ళకి పట్టింపు ఉంటే సింహద్వారం చదరంగా ఉంచుకుని లోపల కమాను పెట్టుకోవచ్చు. మా తాతలు అదే చేసినారు.
మాది చిత్తూరు గిరింపేటలో పాత మిద్దె. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పటి ఇల్లు. 1911లో చిత్తూరు జిల్లా అయ్యేనాటికే ఉందని మా జేజి చెప్పేది. పైకప్పు మద్రాసు టెర్రస్: టేకు దూలాలు, వాటి మీద చిన్న సన్నపు ఇటుకలు ఐమూలగా పేర్చి సున్నం. గోడలు అడుగున్నర మందం. కిటికీలకీ లోపలి వాకిళ్ళకీ అన్నింటికీ పైన తక్కువ వంపు కమానులే. సిమెంటు లేదు, కడ్డీ లేదు. మొన్నామధ్య ప్లాస్టరు ఊడితే చూసినాను, ఇటుకలు నిలువుగా, పక్కపక్కన, విసనకర్ర పుల్లల్లాగా పేర్చి ఉన్నాయి. వందేళ్ళు దాటినా ఒక్క ఇటుక జారలేదు. 

కరకంబాడి_కొత్తిల్లు
ఇదే నేను అడగాలనుకుంటా ఉన్నా! కరకంబాడి రోడ్డులో మా ఇల్లు గోడలు లేస్తా ఉండాయి, ఇంకా లింటెల్ లెవెల్‌కి రాలేదు. నాకు బోర్డు ఆర్చి వద్దు, పెద్దాయన చెప్పినట్టు నిజమైన ఇటుక ఆర్చి కావాల, ఎర్ర ఇటుక కనపడతా ఉండాల. లింటెల్ లేకుండా కట్టొచ్చా?

చంద్రగిరి_చందు
ముందు మా ఊరొచ్చి కోటలో రాజమహల్ చూడన్నా. తిరుపతి నుంచి అరగంట. విజయనగరం కాలంది, మూడంతస్తులు, ముందువైపు వరసగా కమానులే. రాయి, ఇటుక, సున్నం తప్ప కట్టెదూలం వాడలేదని పురావస్తు శాఖ వాళ్ళే రాసినారు. లోపల మ్యూజియం పెట్టినారు గానీ, నేను పోయినప్పుడల్లా విగ్రహాల కన్నా తలెత్తి ఆ కప్పే చూస్తా. అక్కడి నుంచి కపిలతీర్థం పోయి మండపాలు చూడు. అక్కడ స్తంభం మీద రాతి దూలం, దాని మీద బండ, వంపు మాటే లేదు. స్తంభాలు ఎంత దగ్గరదగ్గరగా ఉంటాయో గమనించు.

సైట్‌ఇంజినీర్_రేణిగుంట
చందు మంచి చోటు చూపించాడు. రాతి దూలం మీద బరువు పడితే దాని అడుగు సాగాలని చూస్తుంది, రాయి సాగుడుకి నిలవక విరుగుతుంది. అందుకే మండపంలో స్తంభాలు దగ్గరగా నాటాలి. కమానులో సాగుడు అనేదే రాకుండా చూసుకోవచ్చు. ప్రతి ఇటుకా పక్క ఇటుకని నొక్కుతుంది, ఆ నొక్కుడు వంపు వెంబడే రెండు పక్కలకీ దిగుతుంది. ఆ నొక్కుడుని ఇటుక బాగా భరిస్తుంది కాబట్టి కడ్డీ అక్కర్లేదు.
కానీ కరకంబాడి గారూ, ఇక్కడొక మెలిక ఉంది. కమాను బరువుని కిందికి మాత్రమే పంపదు, పక్కలకి కూడా తోస్తుంది. వంపు ఎంత తక్కువైతే తోపు అంత ఎక్కువ. అదే వెడల్పు, అదే బరువు ఉండి వంపు సగానికి తగ్గిస్తే పక్క తోపు రెట్టింపవుతుంది. గిరింపేట పెద్దాయన ఇంట్లో అడుగున్నర గోడలు ఆ తోపుని తట్టుకుంటున్నాయి. మీ గోడ మందం ఎంత? ఆర్చికి రెండు పక్కలా ఎంత గోడ మిగులుతుంది?

కరకంబాడి_కొత్తిల్లు
పిల్లర్ల ఇల్లే సార్. బయటి గోడలు 9 అంగుళాలు, లోపల నాలుగున్నర. ఆర్చి అనుకున్నది వరండా గోడకి, 9 అంగుళాల గోడే. 4 అడుగుల వెడల్పు. ఒక పక్క 5 అడుగుల గోడ ఉంది, ఇంకో పక్క అడుగు తర్వాత మూల, మూలలో పిల్లరు.

సైట్‌ఇంజినీర్_రేణిగుంట
పిల్లరు ఉంది కాబట్టి స్లాబు బరువు బీము తీసుకుంటుంది, ఆర్చి మీద దాని పైన ఉన్న గోడ బరువే పడుతుంది. తోపు తక్కువే ఉంటుంది. అయినా మూల వైపు ఆ అడుగు గోడకీ పిల్లరుకీ మధ్య సందు వదలకుండా కట్టించండి, కాంక్రీటూ ఇటుకా కలిసే చోట మెష్ మరవొద్దు. వంపు ఎత్తు ఒక అడుగు కన్నా తగ్గించొద్దు. 4 అడుగులకి నిండు అర్ధచంద్రం కుదిరితే అదే మేలు, తోపు బాగా తగ్గుతుంది. మీ డ్రాయింగు ఇచ్చిన ఇంజినీరుకి చూపించి ఆయన సంతకం పెట్టాకే మొదలుపెట్టండి, ఇక్కడ నేను రాసింది చదివి కాదు.
నాలుగున్నర అంగుళాల గోడల్లో మాత్రం నిజమైన ఇటుక ఆర్చి వద్దు. అక్కడ లింటెల్ పోసి, కింద ఆకారం దిద్దుకోండి.

వేడిమనిషి
ఆర్చి అందం సరే, ఏసీ సంగతి ఎవరూ మాట్లాడరేం? తిరుపతిలో మే నెలలో 40 దాటుతుంది. హాల్లో ఏసీ వేసి డైనింగు, వంటిల్లు దాకా తెరిచి ఉంచితే చల్లదనం అంతా అటే పోతుంది. మా బావగారింట్లో తలుపు తీసేసి ఆర్చి పెట్టించుకున్నారు, ఇప్పుడు ఎండాకాలం అంతా బెడ్‌రూంలోనే కూర్చుంటారు.

తిరుచానూరు_పద్మ
పోపు వాసన కూడా. ఎండుమిర్చి వేసినామంటే హాల్లో చుట్టాలు తుమ్ముతారు.

లత_ఎమ్మార్‌పల్లి
మాకు ముందు నుంచీ తలుపు లేదు కాబట్టి కొత్తగా పోయేదేం లేదు. కానీ ఎండాకాలం కర్టెన్ వేస్తాం. ఆర్చి వస్తే కర్టెన్ రాడ్డు యాడ పెట్టాల?

డిజైనర్_హరిత
వంపు లోపల పెట్టొద్దు, బట్ట పైన ఖాళీ వదిలి వేలాడుతుంది, చూడ్డానికి బాగుండదు. హాలు వైపు గోడ మీద, ఆర్చి శిఖరానికి అరడుగు పైన, రెండు పక్కలా అడుగు అడుగు ఎక్కువ పొడవుతో రాడ్డు పెట్టండి. లింటెల్ కాంక్రీటు తప్పించి ఇటుకలోకి స్క్రూ పడేలా ఎత్తు చూసుకోండి. ఏసీ వేసినప్పుడు నేల దాకా దించితే మొత్తం మూసుకుంటుంది. అక్కర్లేనప్పుడు రెండు పక్కలకీ లాగేస్తే ఆర్చి పూర్తిగా కనిపిస్తుంది.
పండగలకి మామిడాకుల తోరణం కట్టాలి కదా, వంపు మొదలయ్యే రెండు చోట్లా ముందే చిన్న కొక్కేలు పెట్టించండి. తర్వాత బోర్డు మీద మేకులు కొడితే పెచ్చులు ఊడతాయి.

వాసు_బైరాగిపట్టెడ
అద్దె ఇంట్లో ఉండేవాళ్ళకి ఇవేవీ కుదరవు. మేం గోడ మీద రంగుతోనే ఆర్చి వేసుకున్నాం. టీవీ వెనక గోడకి పక్కగా మేకు, దారం, పెన్సిల్‌తో గీసి, అంచుకి మాస్కింగ్ టేపు చిన్నచిన్న ముక్కలుగా అంటించి, లోపల ఇటుక రంగు. ఒక్క మధ్యాహ్నం పని. ఓనరుకి ముందే చెప్పినాం, ఖాళీ చేసేటప్పుడు మళ్ళీ తెల్లరంగు వేసిస్తామని. ఆయన వచ్చి చూసి వాళ్ళింట్లో కూడా వేయమన్నాడు.

భాస్కర్_కట్టమంచి
ఇది నాకు నచ్చింది. పగలగొట్టేది లేదు, నచ్చకపోతే ఒక డబ్బా తెల్లరంగు.

లత_ఎమ్మార్‌పల్లి
భాస్కర్ గారికి ఒక ఆర్చి నచ్చింది, అందరూ గమనించండి.
దేవుడి గది సంగతి కూడా చెప్పండి. అది రెండున్నర అడుగుల వాకిలి, టేకు తలుపు ఉంది, చదరం.

తిరుచానూరు_పద్మ
మా అక్కవాళ్ళు దేవుడి గది వాకిలికి ఎండీఎఫ్ చెక్కతో చెక్కడాల ఆర్చి పెట్టించినారు. దీపాల వేడికి, పొగకి లోపలి అంచంతా నల్లబడింది. తడిగుడ్డతో తుడిచి తుడిచి ఉబ్బిపోయింది. కార్తీకమాసం వచ్చిందంటే ఆమెకి ఆ చెక్క ఏడ అంటుకుంటుందో అని భయం. దేవుడి దగ్గర చెక్క పెట్టేటట్టయితే దీపాల చోటు దూరంగా ఉండాల.

గిరింపేట_పాతమిద్దె
లతమ్మా, టేకు తలుపు కదిలించొద్దు. వంపు తలుపు చేయించాలంటే పాత తలుపు, ద్వారబంధం రెండూ పారెయ్యాల. అంత మంచి టేకు ఇప్పుడు దొరకదు. మా ఇంట్లో లోపలి వాకిళ్ళన్నింటికీ తలుపు చదరమే. తలుపు పైన గోడలో వంపు, ఆ వంపులో రంగురంగుల అద్దాలు. పొద్దున ఎండ పడితే ఎరుపు, పచ్చ నేల మీద పరుచుకుంటాయి. నీ దేవుడి గది తలుపు పైన గోడలో వంపు ఆకారం దిద్దించి, దానికి తెల్ల పాలరాయో, గ్రానైట్ పలకో పెట్టించు. మసి పట్టినా తుడిస్తే పోతుంది. లోపల దీపానికి గోడలో చిన్న గూడు పెట్టించి దాని పై అంచు వంపు తిప్పించు. పాత ఇళ్ళలో దీపం గూళ్ళన్నీ అట్లే ఉంటాయి.

సైట్‌ఇంజినీర్_రేణిగుంట
గూడు చెక్కేది కూడా ఆ 10 అంగుళాల (ప్లాస్టరు పోగా 9) గోడలో అయితే లోతు 3 అంగుళాలకి మించొద్దు, వెడల్పు అడుగు లోపలే ఉంచండి. సుత్తీ ఉలితో కొట్టించకుండా కట్టర్‌తో కోయించండి. పలకని గమ్ముతో పాటు క్లాంపులు కూడా పెట్టి బిగించమనండి, తల పైన రాయి కదా.

లత_ఎమ్మార్‌పల్లి
అట్ట కత్తిరించి పెట్టినాం. మా ఆయన పొద్దున కాఫీ తాగతా చూసి ఏమీ అనలేదు. మధ్యాహ్నం ఆయనే నిచ్చెన వేసుకుని అట్ట ఇంకో అంగుళం పైకి జరిపి చూసినాడు. అత్తమ్మయితే "గోడ కొట్టరు కదా, అయితే బాగుంది, పెట్టించు" అన్నది. ఇంటీరియర్ ఆయనకి చెప్పేసినాను, లింటెల్ ముట్టుకునేటట్టయితే పనే వద్దని. ఆయన ఒప్పుకున్నాడు. టేపు, బీడింగ్, కొక్కేలు అన్నీ కాగితం మీద రాయించుకున్నా. దేవుడి గదికి పెద్దాయన చెప్పినట్టే గూడు, పలక.

భాస్కర్_కట్టమంచి
ఒక్కటే కదా? వరండాలో పెట్టరు కదా?

లత_ఎమ్మార్‌పల్లి
ఒక్కటే భాస్కర్ గారూ.

కరకంబాడి_కొత్తిల్లు
మా ఇంజినీరు కూడా ఒప్పుకున్నాడు. అర్ధచంద్రమే, 2 అడుగుల వంపు. కానీ మా బేల్దారి ఇంతవరకు ఇటుక ఆర్చి కట్టలేదంట, సెంట్రింగ్ (ఆర్చి గట్టిపడేదాకా కింద ఆనించే అచ్చు) చెక్కతో చేయాలంటే వడ్రంగిని పిలవాలి అంటా ఉండాడు. మేస్త్రి తమ్ముడూ, వేరే దారి ఉందా?

మేస్త్రికొడుకు
చెక్కే అక్కర్లేదన్నా. మా నాయన పద్ధతి: దారి అడుగు నుంచి వంపు మొదలయ్యే ఎత్తు దాకా సిమెంటు లేకుండా వట్టి ఇటుకలు పేర్చేయాల. దాని మీద వంపు ఆకారానికి ఇటుకముక్కలు, పైన తడి ఇసుక పరిచి, దారం తిప్పి నున్నగా దిద్దాల. ఇసుక మీద పాత సిమెంటు సంచి పరిస్తే ఇటుకకి ఇసుక అంటదు. ఇటుకలు ముందే నీళ్ళలో నానబెట్టాల, లేకపోతే సిమెంటులో తడి పీల్చేస్తాయి.
కట్టేటప్పుడు రెండు పక్కల నుంచీ సమానంగా పైకి రావాల. ఒక పక్క ఎక్కువ కట్టేస్తే కింద ఇసుక నలిగి వంపు పక్కకి పోతుంది. నడిమి ఇటుక ఆఖర్న, గట్టిగా దిగేటట్టు. దానికి సరిపడా చోటు రాకపోతే ఇటుకని చెక్కండి, సిమెంటుతో పూడ్చొద్దు. కనపడే ఇటుక కావాలన్నావు కదా, సిమెంటు సందులు అడుగున సన్నంగా, పైన వెడల్పుగా వస్తాయి, కడతా ఉండగానే తడిగుడ్డతో తుడిచేయాల. ఎండినాక యాసిడ్ పెట్టి కడిగితే ఇటుక రంగు పోతుంది.

కరకంబాడి_కొత్తిల్లు
కింద ఇటుకలు ఎప్పుడు తీయాల?

సైట్‌ఇంజినీర్_రేణిగుంట
రోజూ నీళ్ళు పడుతూ కనీసం రెండు వారాలు ఉంచండి. దాని పైన గోడ కూడా లేపి, రెండు పక్కల గోడ ఆర్చి శిఖరం ఎత్తు దాటాకే తీయండి. పక్క గోడ బరువు లేకుండా తీస్తే తోపుకి అడ్డు ఉండదు. తీసేటప్పుడు పై వరస ఇసుక ముందు కొంచెం కొంచెంగా గీకి వదులు చేయండి, ఒకేసారి లాగొద్దు.

మేస్త్రికొడుకు
మీ బేల్దారిని ఆదివారం శ్రీనివాస మంగాపురం దగ్గరికి పంపన్నా, మా నాయన అక్కడ ఒక ఇంటికి ఆర్చి కడతా ఉండాడు. ఎదురుగా నిలబడి చూస్తే ఒక్క పూటలో వచ్చేస్తుంది. కూలీ ఏం అడగడు, వచ్చేటప్పుడు పాత సిమెంటు సంచులు నాలుగు తెమ్మను.